కాయల మిషను బ్యాండు

ఆ రోజుల్లో మా మైదుకూరులో పాటంటే రెండే రకాలు. ఒకటి సినిమా పాట, రెండోది భజన. ఈ రెండూ కాని మూడో రకం పాటను మేమే కట్టి, మేమే కొట్టి, వినమని జనాన్ని పీడించిన ఘనత మా ముగ్గురిది. దాన్ని రాక్ బ్యాండు అంటారట. (రాక్ అంటే రాయి అని చాలా కాలం తర్వాత ఎవరో చెప్పారు. వినేవాళ్లు విసిరేదేమో అనుకున్నాను.) వయసులో చేసిన పనులను గురించి ముసలివాళ్లు మామూలుగా గొప్పలైనా చెప్పుకుంటారు, లెంపలైనా వేసుకుంటారు. నాకు రెండూ చేతకావు. నాకు అక్షరాలు వచ్చిందే నలభై దాటాక, సాయంత్రం బడిలో, నా కూతురి ఈడు టీచరమ్మ దగ్గర. పలక పట్టుకుని అంత అగచాట్లు పడి నేర్చుకున్న అక్షరాలను అబద్ధాలకు ఖర్చు పెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, అప్పుడు మేము నవ్వలేదు గానీ ఇప్పుడు మేము కూడా నవ్వుతున్నాము.

నేను శెట్టిగారి కాయల మిషనులో పని చేసేవాణ్ని. పైనుంచి వేరుశనక్కాయలు పోస్తే (కర్నూలు దిక్కు పోతే వీటినే బుడ్డలంటారు) పొట్టు ఒక పక్కకు, గింజ ఒక పక్కకు వచ్చే మిషను అది. మోటారు నుంచి మిషనుకు జానెడు వెడల్పు తోలు బెల్టు ఉండేది. అది ఎప్పుడో తెగితే ఇనప క్లిప్పులు కొట్టి అతికారు. ఆ అతుకు చక్రం మీదికి వచ్చిన ప్రతిసారీ టక్ అనేది. పొద్దున మోటారు వేసింది మొదలు సాయంత్రం ఆపేదాకా టక్, టక్, టక్. కొత్తగా వచ్చినవాళ్లకు తలనొప్పి పుట్టేది, పాతబడినవాళ్లకు అసలు వినిపించేదే కాదు. మన ఊపిరి మనకు వినపడదు చూడండి, అట్లా. బెల్టు జారితే ఎక్కించడం, చక్రాలకు నూనె పోయడం, మోటారు వేడెక్కితే ఆపడం నా ఉద్యోగం. అందుకే ఊళ్లో నన్ను బెల్టోడు అనేవారు. బెల్టు సక్రమంగా తిరుగుతున్నంతసేపూ నాకు వేరే పని లేదు గనుక ఖాళీ నూనె డబ్బాలు ముందర పెట్టుకుని దరువు వేస్తూ కూర్చునేవాణ్ని. గింజలు ఏరే ఆడవాళ్లలో అందరికంటే పెద్దామె, మేమంతా పెద్దక్క అనేవాళ్లం, చేట పక్కన పెట్టి, "ఒరే బెల్టోడా, ఆ డబ్బా నీకేం పాపం చేసిందిరా, దాన్నట్ల సావగొడతాండావు?" అనేది. అదే నాకు మొదటి సన్మానం.

అట్లాంటి రోజుల్లో శెట్టిగారి ఒక్కగానొక్క కొడుకు బెంగుళూరులో డిగ్రీ చదివి ఇంటికి వచ్చాడు. డిగ్రీ వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు గానీ జుట్టు మాత్రం భుజాల దాకా వచ్చింది. ఆ జుట్టుతో పాటు ఒక కరెంటు గిటారు, దానికి తగిలించే స్పీకరు పెట్టె కూడా వచ్చాయి. శెట్టిగారు గిటారును అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ కొయ్యముక్క తూకమేస్తాదా, కొలతేస్తాదా? యాపారానికి ఏ రకంగా పనికొస్తాదిది?" అని అడిగారట. చిన్నశెట్టి (మేము అతణ్ని అట్లాగే పిలిచేవాళ్లం) దాన్ని గుడ్డలో చుట్టి లోపలికి తీసుకుపోయాడట. మర్నాడు మిషను దగ్గరికి వచ్చి, నేను డబ్బాల మీద దరువేస్తుంటే కాసేపు నిలబడి చూసి, నా పక్కన గోనెసంచి మీద కూర్చున్నాడు. బెంగుళూరులో తన ఈడు పిల్లలు ముగ్గురు నలుగురు చేరి కార్ల షెడ్లలో సొంత పాటలు కొడతారని, వినేవాళ్లు పదిమందే ఉన్నా పట్టించుకోరని చెప్పాడు. "సినిమా పాటైతే జనానికి తెలుసు కదప్పా, చప్పట్లన్నా కొడతారు" అన్నాను నేను. "సినిమా పాట పాడేదానికి రేడియో ఉండాది బెల్టన్నా. మన మైదుకూరు గురించి రేడియో పాడతాదా? మన పాట మనం పాడకపోతే ఎవురు పాడతారు?" అన్నాడు. నేను చదువుకోనివాణ్ని, అంత పొడుగు మాట నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. వెంటనే పడిపోయాను.

మూడోవాడు ఎదురంగడి దర్జీ భాయ్. ఆయన దగ్గర తాత నాటి బుల్‌బుల్‌తారా ఉండేది, తంతులు మీటుతూ మీటలు నొక్కే పెట్టె అది. మెడలో టేపు వేలాడుతుండగానే వచ్చి ఆ పెట్టె ముందర కూర్చునేవాడు. మనిషి మెత్తన, వాయింపు తియ్యన, మాట మీద మాత్రం నిలిచేవాడు కాదు. పెళ్లికొడుకుల సూట్లు పెళ్లయిన మరుసటి రోజుకు కుట్టి ఇచ్చిన చరిత్ర ఆయనది. "భాయ్, టైముకు వస్తావా సాధనకు?" అని చిన్నశెట్టి అడిగితే, "అరె, బట్టలకే ఆలస్యం చేస్తా చిన్నశెట్టీ, పాటకు ఆలస్యం చేస్తానా? ఖుదా క్షమిస్తాడా?" అన్నాడు. నిజంగానే ఒక్కరోజూ ఆలస్యం చేయలేదు. (ఆ సంవత్సరం మైదుకూరులో చాలామంది పాత చొక్కాలతోనే పెళ్లి చేసుకున్నారు.)

ఇక సాధన ఎక్కడ చేయాలనేది ప్రశ్న. ఇంట్లో గిటారు మోగితే శెట్టిగారు ఊరుకోరు. దానికి చిన్నశెట్టే ఉపాయం చెప్పాడు. మిషను ఆడుతున్నప్పుడు ఆ రొదలో పక్కన పిడుగు పడినా వినపడదు. గోడ అవతల గల్లాపెట్టె దగ్గర కూర్చునే శెట్టిగారికి మిషను చప్పుడు తప్ప మరేదీ చేరదు. కాబట్టి మిషను ఆడుతున్నంతసేపూ సాధన, మిషను ఆగితే గిటారు గోనెసంచుల కిందికి. ఈ ఉపాయం విని నేను, భాయ్ ఒకరి ముఖం ఒకరు చూసుకుని అతని తెలివికి ఆశ్చర్యపోయాము. ఆ తెలివే మమ్మల్ని నిలువునా ముంచబోతున్నదని ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు.

అట్లా పొట్టు దుమ్ములో, దగ్గుల మధ్య మా బ్యాండు పుట్టింది. నాకు డబ్బాలకు తోడు ఒక కిరోసిన్ పీపా, పాత జల్లెడ రేకు సమకూరాయి. బ్యాండుకు పేరుండాలని చిన్నశెట్టి "ఎండిన బోరు" అని పెట్టి, పీపా మీద ఎర్రరంగుతో రాశాడు. మా పాటలన్నీ మా బతుకు మీదే. రాని బస్సు మీద ఒకటి, నీళ్లు పడని బోరు మీద ఒకటి. అన్నింటికంటే బాగా కుదిరింది మాత్రం చిన్నశెట్టి వాళ్ల నాయన మీద కట్టింది.

గల్లాపెట్టె మీద కూసోని
గాలిని తూకమేస్తాడు మా నాయన
తూకం తగ్గిందని గాలినే
తిరిగి పంపిస్తాడు మా నాయన

ఇది వచ్చినప్పుడల్లా ఏరే ఆడవాళ్లు చేటలు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. పెద్దక్క మాత్రం, "పాట బాగుండాది గానీ చిన్నశెట్టీ, ఆ గిటారేందిరా కడుపునొప్పొచ్చిన దూడ మాదిరి అరుస్తాండాది? దానికింత వాము నీళ్లు తాపు" అనేది. నాకైతే ఆ రోజుల్లో నాలుగు దిక్కులా నా అంత గొప్పవాడు లేడనిపించేది. నా చెయ్యి పడితే గిటారు, గిటారు పడితే బుల్‌బుల్‌తారా, ముగ్గురం ఒకే మనిషి మూడు చేతుల్లాగా వాయించేవాళ్లం. ఎక్కడా తప్పేది కాదు. "తాళం నీ రక్తంలో ఉండాది బెల్టన్నా" అనేవాడు చిన్నశెట్టి. నేను నమ్మేశాను.

ఒకరోజు మధ్యాహ్నం ఆ పాటే ఊపుగా సాగుతుండగా కరెంటు పోయింది. గిటారు మూగబోయింది. బెల్టు టక్... టక్... అంటూ నెమ్మదించింది. విచిత్రమేమిటంటే మేమూ దానితో పాటే నెమ్మదించాము. పాట బరువు బండి గట్టెక్కినట్టు మూలుగుతూ సాగింది. (అప్పుడైనా మాకు అర్థం కావలసింది. నాకు అక్షరాలే కాదు, బుద్ధి కూడా ఆలస్యమే.) కళ్లు మూసుకుని పాడుతున్న చిన్నశెట్టికి మాత్రం కరెంటు పోయిన సంగతి తెలియలేదు. మిషను పూర్తిగా ఆగి, చీమ చిటుక్కుమన్నా వినపడే నిశ్శబ్దంలో, అతని గొంతు ఒక్కటే గోడలు దాటి వెళ్లింది. "గాలినే తిరిగి పంపిస్తాడు మా నాయనా!"

తలుపు దగ్గర శెట్టిగారు నిలబడి ఉన్నారు. సన్నగా, తెల్లగా, నుదుట బొట్టు, చేతిలో తాళాల గుత్తి. ఆ గుత్తి ఆయన చేతిలో ఎప్పుడూ ఉండేది. గల్లా దగ్గర కూర్చున్నా, ఇంటి అరుగు మీద కూర్చున్నా, కూర్చున్నచోటల్లా దాన్ని చెక్కకో ఇనుముకో తట్టుతూ ఉండేవారు. ఆయన కోపంలో ఉన్నారనడానికి అది గుర్తని మేమంతా అనుకునేవాళ్లం. దాన్నిబట్టి చూస్తే ఆయన జీవితమంతా కోపంలోనే ఉన్నట్టు.

"ఎవుర్రా గాలి తూకమేసేది?" అన్నారు.

పెద్దక్కే చేట కింద పెట్టి, "పాటలో శెట్టిగారూ. పాటలో ఏస్తాండారు. బయట ఎవురూ ఏయలే" అంది.

"నా కరెంటు, నా మిషను, నా పనోడు. మళ్లా తిట్టేది నన్నే! ఎన్నాళ్ల నుంచి జరుగుతాండాదిరా ఇది?"

"శానా రోజుల నుంచి నాయనా. తిట్టలేదు. ఉండేదే చెప్పినాం" అన్నాడు చిన్నశెట్టి.

నోరు మూసుకోవలసిన చోట మూసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. "తూకం సంగతి మాత్రం నిజమే కదా శెట్టిగారూ" అన్నాను. దర్జీ భాయ్ నా తొడ మీద గిల్లిన గిల్లుడు రెండు రోజులు మండింది.

శెట్టిగారు నన్ను పట్టించుకోలేదు. కొడుకును ఎగాదిగా చూసి, "నీకింత వయసొచ్చినా గల్లా మీద కూసునేదానికి సిగ్గు. ఈడ పొట్టులో కూసుని అరిసేదానికి సిగ్గులేదు. సరే. రాజంపేటలో మీ మామ స్టీలు సామాన్ల అంగడి తెరుస్తాండాడు గదా, ఆ పొద్దు నలుగురి ముందర కొట్టు. వేరే పాట గాదు, ఈ పాటే. నన్ను తిడితే నా ముందరే తిట్టు. మధ్యలో నిలపకుండా, నలుగురూ లేచి పోకుండా కడాకు పాడినావంటే, గిటారు నీది, ఆదివారం మిషను నీది, నేనొగ మాట అనను. మధ్యలో నిలిచిందా, గిటారు అమ్మేసి, జుట్టు కత్తిరించుకోని, తెల్లారి నుంచి గల్లా మీద కూసోవాల. సరేనా?" అన్నారు.

"సరే నాయనా" అన్నాడు చిన్నశెట్టి. గిటారు మెడ పట్టుకున్న అతని వేళ్లు మాత్రం తెల్లబడ్డాయి. ఆ గిటారు పోతే ఆ పిల్లవాడిలో ఏమి మిగులుతుందో నాకు ఆ వేళ్లను చూస్తే తెలిసింది. అప్పటిదాకా నాకది ఆట. ఆ క్షణం నుంచి భయం పట్టుకుంది.

తర్వాత రోజుల్లో మేము చేసిన సాధన చెప్పనలవి కాదు. శెట్టిగారు మాట ఇచ్చిన మనిషి, తెలిసి కూడా అడ్డం రాలేదు. మోటారు వేస్తే చాలు, పాట మొదలు. పెద్దక్కకు ఆ పాట నోటికి వచ్చేసి, గింజలు ఏరుతూ తనే పాడుతూ ఉండేది. ముగ్గురమూ ఎంత కుదిరామంటే, మధ్యలో తుమ్ము వచ్చినా తాళం మీదే తుమ్మేవాళ్లం. అంగడి తెరిచే రోజున కాయల లారీలో సామానంతా ఎక్కించి, మేమూ ఎక్కి, వంటపనికి సాయంగా పెద్దక్కను కూడా ఎక్కించుకుని రాజంపేటకు బయలుదేరాము. శెట్టిగారు ముందు డ్రైవరు పక్కన కూర్చున్నారు. దారి పొడుగునా ఆయన తాళాల గుత్తి లారీ తలుపు మీద తట్టుతూనే ఉంది. "కోపంగా ఉండాడ్రా మనిషి" అన్నాడు భాయ్ గుసగుసగా.

అంగడి ముందర షామియానా, ఇనప కుర్చీలు, తోరణాలు. పూజలయ్యాయి, భోజనాలయ్యాయి, ఎండ చల్లబడింది. చుట్టుపక్కల అంగళ్లవాళ్లు, బంధువులు, దారిన పోయేవాళ్లు వచ్చి కూర్చున్నారు. నేను నా పీపా, డబ్బాలు సర్దుకుని గర్వంగా కూర్చున్నాను. ముందర వరసలో ఒక రైతు మెడ ఒక పక్కకు పూర్తిగా వంచి నా పీపాను చాలాసేపు చూసి, "ఏమప్పా, బోరు యాడ ఏస్తాండారు? మా సేనుకాడికీ వస్తారా?" అని అడిగాడు. పేరు చదివాడన్నమాట. మెడ ఎందుకు వంచాడో నాకు అర్థం కాలేదు. పీపాను తలకిందులుగా పెట్టానని, అక్షరాలన్నీ కాళ్లు పైకి లేపి ఉన్నాయని, కార్యక్రమం అయిపోయేదాకా ఎవరూ నాకు చెప్పలేదు. (చెప్పినా ఏది పైనో ఏది కిందో నాకు తెలిస్తే గదా.)

శెట్టిగారు ముందు వరసలో సరిగ్గా మాకెదురుగా ఇనప కుర్చీలో కూర్చున్నారు. చిన్నశెట్టి నాకు సైగ చేశాడు. నేను దరువు ఎత్తుకున్నాను.

ఏమయిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నేను వేసిన దరువు నాకే కొత్తగా ఉంది. నేను కొంచెం తొందరపడ్డానేమోనని తగ్గించాను, అప్పటికే గిటారు పరుగెత్తింది. దాన్ని పట్టుకుందామని నేను ఉరికితే అది నా కోసం ఆగింది. దర్జీ భాయ్ ఇద్దరిలో ఎవరి వెంట పోవాలో తెలియక నడిమధ్యలో తిరుగుతున్నాడు. ముగ్గురం మూడు బస్సులెక్కి మూడు ఊళ్లకు పోతున్నట్టుంది. అన్నీ ఉన్నాయి, గిటారు ఉంది, గొంతు ఉంది, డబ్బాలు ఉన్నాయి, ఏదో ఒక్కటి లేదు. అదేమిటో తెలియదు. ఉప్పు మరిచిపోయిన సంగటి ముద్ద మింగుతున్నట్టుంది. వెనక వరసల్లో నవ్వులు మొదలయ్యాయి. ఒకడు, "ఒగ మంచి సినిమా పాటన్నా ఏయండప్పా!" అని అరిచాడు. ఇంకొకడు, "ఉండప్పా, ఇంగా మిషను ఏడెక్కలే" అన్నాడు. కుర్చీలు కదిలిన చప్పుడు వినిపించింది. చిన్నశెట్టి నా వైపు తిరిగి చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. "తాళం నీ రక్తంలో ఉండాది" అన్న మనిషి, "ఏదీ, యాడుండాది?" అని అడిగినట్టు చూశాడు. పాట దాదాపు ఆగిపోయింది.

అప్పుడు వినిపించింది. టక్. టక్. టక్.

నేను గుర్తుపట్టకముందే నా చేతులు గుర్తుపట్టాయి. అవి వాటంతట అవే ఆ చప్పుడు మీద పడ్డాయి. గిటారు వచ్చి దాని మీద పడింది. బుల్‌బుల్‌తారా వచ్చి చేరింది. ఒక్క ఊపిరిలో ముగ్గురం మళ్లీ మా మిషను పక్కన, మా పొట్టు దుమ్ములో కూర్చున్నట్టయింది. ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందా అని చూద్దును గదా, శెట్టిగారు! ఆయన మా వైపు చూడటం లేదు. అవమానంతోనో, కొడుకు ముఖం చూడలేకో, తల పక్కకు తిప్పుకుని ఎటో చూస్తున్నారు. ఆయన చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. తాళాల గుత్తి కుర్చీ చేతి మీద టక్, టక్, టక్. అది కోపం కానే కాదు. కొన్నేళ్లుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా గోడ అవతల కూర్చుని విన్న బెల్టు అతుకు ఆయన చేతిలోకి దిగిపోయింది, అంతే. మా చేతుల్లోకి దిగలేదు. మేము దాన్ని ఆనుకుని నిలబడ్డామే గానీ మింగలేదు.

పాట గల్లాపెట్టె దగ్గరికి వచ్చింది. "గాలిని తూకమేస్తాడు మా నాయన" అనగానే అంగళ్లవాళ్లంతా ఒక్కసారి శెట్టిగారి వైపు తిరిగి పకపకా నవ్వారు. ఈసారి నవ్వు మా మీద కాదు, పాట విని నవ్విన నవ్వు. శెట్టిగారు వాళ్లను గమ్మునుండమని చెయ్యెత్తారు. గుత్తి ఆగింది. వెంటనే మేము తూలాము. గిటారు ఒక అడుగు తప్పింది, నేను ఒక అడుగు తప్పాను. ఆయన చప్పున మా వైపు తిరిగారు. మమ్మల్ని చూశారు. పైకెత్తిన చేతిలోని గుత్తిని చూశారు. వ్యాపారస్తుడు, లెక్క పట్టడానికి ఎంతసేపు? అంతా అర్థమైపోయింది ఆయనకు. ఇంకేమీ చేయనక్కరలేదు, ఆ చెయ్యిని అట్లాగే గాలిలో ఉంచితే చాలు, ఆయన పందెం గెలిచినట్టే. గిటారు అమ్ముడుపోయినట్టే, కొడుకు గల్లా మీద కూర్చున్నట్టే. చిన్నశెట్టి పాడుతూనే తండ్రి చేతి వైపు చూస్తున్నాడు. నేను కూడా దేవుణ్ని చూసినట్టు ఆ చేతినే చూస్తున్నాను.

శెట్టిగారు చెయ్యి దించారు. టక్. ఈసారి ముందటి కంటే గట్టిగా. టక్. కుర్చీ చేతికున్న రంగు లేచిపోయేలా. టక్. పాట కడాకు వచ్చేదాకా ఆపలేదు.

చప్పట్లు కొట్టారు. బ్రహ్మాండంగా కాదు, మర్యాదగా కొట్టారు. రైతు మాత్రం ఈల వేశాడు. చిన్నశెట్టి గిటారు మెడలో ఉండగానే తండ్రి దగ్గరికి పోయి, "నాయనా, నువ్వే తాళమేసినావు" అన్నాడు.

"ఎవురు? నేనా?" అన్నారు శెట్టిగారు గుత్తిని నడుములో దోపుకుంటూ. "ఈగలు ముసురుతాంటే తోలుతాంటి."

"ఈడ ఈగలు యాడుండాయి నాయనా?"

"రాజంపేటలో ఈగలు శానా. నీకేం తెలుసు, పైకి చూసి పాడతాంటివి." నాలుగు అడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చారు. "పాటలో ఒగ తప్పుండాది. తూకం తగ్గితే సరుకు తిరిగి పంపిస్తాడా ఎవుడన్నా? ధర తగ్గించి తీసుకుంటాడు. యాపారస్తుని కొడుకువి, ఆ మాత్రం తెలీదా? ఆ ముక్క మార్చు." అట్లా అనేసి భోజనాల పాత్రలు సరిగ్గా లెక్క వచ్చాయో లేదో చూసుకోవడానికి పోయారు. మార్చాము. పాట అప్పటి నుంచి నిజంగానే బాగుపడింది.

తిరుగు ప్రయాణంలో లారీలో కూర్చుని ముగ్గురం తలలు పట్టుకున్నాము. తాళం ఎందుకు పోయింది, శెట్టిగారి గుత్తితో ఎందుకు వచ్చింది అని తర్కం. దర్జీ భాయ్ దిష్టి అన్నాడు. చిన్నశెట్టి మైకువాణ్ని తిట్టాడు. పెద్దక్క మిగిలిన లడ్డూల మూట ఒళ్లో పెట్టుకుని అంతా విని, "మిషను ఆడకుండా మీరు యానాడన్నా పాడినారంట్రా?" అంది. ముందు భాయ్ మొదలుపెట్టాడు నవ్వడం. ఎంత నవ్వామంటే, ముందు కూర్చున్న శెట్టిగారు డ్రైవరుతో, "ఏం తిన్న్యారప్పా వీళ్లు?" అని అడగడం మాకు వినిపించింది.

ఆ తర్వాత మా బ్యాండు కొన్నేళ్లు బతికింది. మహానంది సత్రంలో ఒకసారి, చుట్టుపక్కల పెళ్లిళ్లలో, అంగళ్ల ముందర, పిలిచినచోటల్లా కొట్టాము. పోయినచోట ముందు పక్కనే పిండిమరో, చెరుకు రసం మిషనో, నీళ్లు తోడే ఇంజనో ఉందా అని వెతికేవాళ్లం. ఏదీ లేకపోతే శెట్టిగారు ఉండేవారు. ఆయనకు ప్రతిసారీ ఆ ఊళ్లో ఏదో బాకీ వసూలు పని ఉండేది, సరిగ్గా మా పాట టైముకే. ముందు వరసలో ఇనప కుర్చీ చూసుకుని మరీ కూర్చునేవారు. చెక్క కుర్చీ వేస్తే, "ఈగలకు ఇనుమే మేలు" అని మార్పించేవారు. మాకు పేరు రాలేదు, పేపర్లో ఫోటో పడలేదు, క్యాసెట్టు రాలేదు. అది మాకు లోటుగా కూడా అనిపించలేదు. ఆదివారం మిషను మాది, అది చాలు. తర్వాత దర్జీ భాయ్ కర్నూలుకు మకాం మార్చాడు. మిషనుకు అతుకు లేని కొత్త రబ్బరు బెల్టు వచ్చింది, అది చప్పుడు చేయకుండా దొంగలాగా తిరిగేది. చిన్నశెట్టి ఎవరూ చెప్పకుండానే ఒక పొద్దున పోయి తండ్రి పక్కన గల్లా మీద కూర్చున్నాడు. గిటారు అమ్మలేదు. గల్లా పైన గోడకు, లక్ష్మీదేవి పటం పక్కనే తగిలించాడు. శెట్టిగారు పోయేదాకా రోజూ దేవికి పెట్టే ఊదుబత్తిని ఒకసారి దాని చుట్టూ కూడా తిప్పేవారు, ఎవరైనా చూస్తే దోమల కోసమనేవారు. ఇప్పుడు చిన్నశెట్టికి మనవలు. ఆ జుట్టు కూడా డిగ్రీ పోయిన దారినే పోయింది. అప్పుడప్పుడు నేను పోతే గిటారు దించుతాడు, నేను గల్లాపెట్టె మీద దరువేస్తాను, ఇద్దరం తాళం తప్పుతాము, టీ తెప్పించుకుంటాము.

మొన్న కంటి డాక్టరుకు చూపించుకుని కడప నుంచి బస్సులో వస్తున్నాను. నా పక్క కిటికీ అద్దం వదులై, రోడ్డు కుదుపుకు టక్, టక్ అంటోంది. నేను గమనించనే లేదు. చెవుల్లో వైర్లు పెట్టుకున్న ముందు సీటు పిల్లవాడు వెనక్కి తిరిగి, వైర్లు పీకేసి, "ఏం తాతా, నా సీటు వెనకాల దరువేస్తాండావే? బ్యాండులో ఏమన్నా వాయిస్తాంటివా?" అని అడిగాడు. చూసుకుంటే నా రెండు చేతులూ అతని సీటు కడ్డీ మీద ఉన్నాయి. ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలి? మిషను గురించా, పీపా గురించా, ఆ ఇనప కుర్చీ గురించా?

"దరువా? లేదు నాయనా" అన్నాను. "ఈగలు ముసురుతాంటే తోలుతాండా."

అతను బస్సంతా కలయజూశాడు. ఒక్క ఈగ లేదు. నవ్వి, వైర్లు మళ్లీ చెవుల్లో పెట్టుకుని అటు తిరిగాడు. నేను మైదుకూరు వచ్చేదాకా తోలుతూనే ఉన్నాను.